మైదానము నేర్పిన చిన్న యిండ్లు

సికిందరాబాదులోని పద్మారావు నగరమునందు స్కందగిరి గుట్టమీద సుబ్రహ్మణ్యస్వామి కోవెల యున్నది. ఆ మెట్లపై నిలిచి చూచినచో నలుదిక్కుల నాలుగైదంతస్తుల మేడలే కనబడును. ఈ పేట దివాన్ బహదూరు పద్మారావు మొదలియారుగారి పేర వెలసినది. ఇందొక భాగమును జనులు నేటికిని వాకర్ టౌననియే పిలుచుచున్నారు. ఆ వాకర్ టౌను సందులలో నొకదానియందు, మేము బడికి పోవు త్రోవలో, రెండేండ్ల క్రిందటివఱకు నొక పాతయిల్లుండెడిది. ఒంటి అంతస్తు, బెంగుళూరు పెంకుల కప్పు, మూడువైపుల లోతైన వసారా, మనిషి నెత్తికి జానెడెత్తున వంగిన చూరు, ముంగిట నొక వేపచెట్టు. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున ఆ ప్రక్కగా నడచిపోవువారికి సైతము వసారాలోని నీడను చూచినంతనే కన్నులు సేదదీరెడివి. ఒకనాడు దానిని పడగొట్టిరి. రెండు దినములలో పని ముగిసినది. మట్టిదిబ్బ యొద్ద మాతోగూడ నిలిచి చూచుచున్న మా విద్యార్థి యొకడు, "సార్, ఆ యిల్లు అంత పొట్టిగా ఎందుకు కట్టినారు? పైసలు లేకనా?" అని యడిగెను.

"ఎండకొఱకు కట్టిరి నాయనా" అని చెప్పి మేము బడికి నడచితిమి. ఆ జవాబు అబద్ధము కాదు. కాని యది పూర్తి నిజమును గాదని తరువాత తోచినది. ఇల్లు పొట్టిగా నుండుట నేల నేర్పిన నేర్పా, లేక లేమి విధించిన శిక్షయా? చిన్న యిండ్ల చరిత్రను వెదకినకొలది ఈ ప్రశ్నయే మాకు మరల మరల నెదురైనది.

పొట్టిదనమును సిద్ధాంతముగా జేసి దానికొక గౌరవమును గూర్చినవారు అమెరికావారు. ఆ దేశము నడుమ ఇలినాయి, అయోవా, నెబ్రాస్కా మున్నగు సీమలలో ప్రెయిరీ యని పిలువబడు మహామైదానము గలదు. ఆ మాట ఫ్రెంచివారిది, పచ్చికబయలని యర్థము. దానికిని మన దక్కను బయలునకును పోలిక కొంత, భేదము కొంత. అక్కడ మన్ను నల్లనిది, లోతైనది, ఱాయి యరుదు, తూర్పుభాగమున గడ్డి మనిషియెత్తు పెరుగును. ఇక్కడ మన్ను పలుచన. దాని క్రింద ఱాయి. ఆ ఱాయియే యచ్చటచ్చట గుండ్లపై గుండ్లుగా పైకి దేలియుండును. కాని రెండుచోట్లను ఆకాశము పెద్దది, నేలగీత పొడవైనది. నిలువుగా లేచినది ఏదైనను ఎంతో దూరమునకు గనబడును. గాలికిని ఎండకును మొదట గుఱియగునదియు నదియే.

ఫ్రాంకు లాయిడ్ రైటు (1867–1959) అను శిల్పి చికాగో చేరువనున్న ఓక్ పార్కులో నివసించుచు ఈ సంగతిని పట్టుకొనెను. అంతకుముందు ధనికులు ఇంగ్లండు, ఫ్రాన్సుల యిండ్ల ననుకరించి, కొండసీమకు దగిన నిటారు కప్పులను, శిఖరములను, అటకగదులను ఆ మైదానమున గట్టుచుండిరి. రైటు వానిని త్రోసివేసెను. కప్పు వాలు తగ్గించెను. చూరు బారెడు ముందునకు సాచెను. కిటికీలను వరుసగా నొక పట్టెవలె కూర్చెను. ఇల్లంతయు నేలగీతకు సమాంతరముగ సాగునట్లు చేసెను. లోపల పొయ్యిని, దాని పొగగొట్టమును నడుమ నిలిపి, కూర్చుండు చోటునకును భోజనము చేయు చోటునకును నడుమ గోడలను చాలవఱకు తీసివేసెను. ఈ పద్ధతికే ప్రెయిరీ సంప్రదాయమని పేరు వచ్చినది.

ఇందు మనకు ముచ్చట గొల్పు విషయమొకటి యున్నది. ఈ సిద్ధాంతము మొదట నలుగురికి దెలిసినది శిల్పుల సభలలో గాదు. ఇల్లాండ్రు చదువుకొను లేడీస్ హోమ్ జర్నల్ అను మాసపత్రికలో. 1901 ఫిబ్రవరి సంచికలో "ప్రెయిరీ పట్టణమున నొక యిల్లు" అను శీర్షికతో రైటు ఒక యింటి పటమును ప్రకటించెను. అదే సంవత్సరము జూలైలో మఱియొక చిన్న యింటి పటము, అందు చాల చోటున్నదను శీర్షికతో వచ్చెను. 1907 ఏప్రిలులో 5000 డాలర్లతో, నిప్పునకు జంకని కాంక్రీటు యింటిని కట్టు విధమును చెప్పెను. దానికి నాలుగు ముఖములు నొక్కతీరుననే యుండును. అందుచే కాంక్రీటు పోయు చెక్కమూసలను ఒకవైపు వాడి, విప్పి, తక్కినవైపులకును వాడుకొనవచ్చును. ఖర్చు తగ్గించుటకు అందమును తగ్గింపక, అందమునే ఖర్చు తగ్గు తీరున దిద్దుట యన నిదియే. మేము చూచిన మన పాత మాసపత్రికలలో పథ్యపానములకును పండుగ వంటలకును పుటలు దొరకినవి గాని, ఇల్లాలి చేతికి ఇంటి పటమునిచ్చిన పుట కానరాలేదు. వంటయింటిలో పొగ యెటు పోవలయునో నిర్ణయించు హక్కు ఆ పొగ పీల్చువారికి లేకపోవుట మన సంస్కర్తలకును పట్టలేదు.

రైటు కార్యాలయమున మేరియన్ మహోనీ యను విదుషి పనిచేసెను. 1898లో ఇలినాయి రాష్ట్రమున గృహశిల్పిగా అనుమతిపత్రమును బడసిన మొదటి స్త్రీ యామెయే. 1910లో బెర్లినున ముద్రితమై యూరోపును మేల్కొలిపిన రైటు చిత్రసంపుటమునందు పెక్కు చిత్రములు ఆమె చేతివ్రాతను బట్టి గీయబడినవి. పేరు మాత్రము చిరకాలము యజమానికే చెల్లినది.

ఇంతవఱకు వినుట కింపుగనే యున్నది. కాని రైటు ఇండ్లను కట్టునప్పటికి ఆ పచ్చికబయలు మిగిలియే లేదు. 1837లో జాన్ డీరు అను కమ్మరి ఇలినాయిలో ఉక్కు నాగలిని చేసెను. జిగటమన్ను దాని కంటుకొనక జాఱిపోవుటచే, వేల యేండ్ల గడ్డివేళ్లు కొలది దశాబ్దములలో తెగిపోయినవి. ఆ నేలను పాలించుచుండిన పొటవాటమీ మొదలగు తెగలను 1833 నాటి చికాగో ఒడంబడిక పిమ్మట పడమటికి తఱిమిరి. గడ్డి పోయిన తరువాత గడ్డిబయలు అందము కవులకును శిల్పులకును కనబడినది. మన యూళ్లలో చెఱువు పూడ్చి, ఆ చోట లేచిన మేడలకు చెఱువు పేరే పెట్టుట చూచుచున్న మనము వారిని నవ్వనక్కఱలేదు.

ఆ మైదానమున నిజముగా నేలనుండి పుట్టిన చిన్న యిండ్లు రైటువి గావు. పానీ, మాండన్ తెగలవారు కఱ్ఱనిట్రాళ్లు పాతి, పైన కొమ్మలు, గడ్డి, మన్ను కప్పి గుండ్రని మంటియిండ్లను కట్టుకొనిరి. మాండన్ తెగలో ఆ యింటిని కట్టుటలో ముఖ్యహస్తము స్త్రీలది, యాజమాన్యమును స్త్రీలదే. తరువాత 1862 నాటి హోంస్టెడ్ చట్టముచే ఒక్కొక్క కుటుంబమునకు 160 ఎకరముల నేల లభించుచుండగా, తూర్పునుండి బీదలు వచ్చిరి. నెబ్రాస్కాలో చెట్టులేదు, ఱాయిలేదు. అందుచే వారు వేళ్లతోగూడిన గడ్డిమన్నునే నాగలితో పట్టీలుగ చీల్చి, ఇటుకలవలె తఱిగి, గడ్డివైపు క్రిందికి బెట్టి గోడలు పేర్చిరి. ఆ యిండ్లు వేసవిలో చల్లన, చలికాలమున వెచ్చన. వాన వచ్చినచో మాత్రము బయట వెలిసిన పిమ్మట గూడ లోపల కురియుచునే యుండును. పాములును ఎలుకలును కప్పునుండి రాలును.

1886 మొదలుకొని సాలమన్ బుచర్ అను ఛాయాచిత్రకారుడు బండి కట్టుకొని తిరుగుచు ఆ కుటుంబముల చిత్రములను వందలకొలది తీసెను. వానిలో నొకటి మేము మఱువజాలము. దొడ్డిలో పశువులు; నడుమ కుటుంబమంతయు నిలిచియున్నది; వారి ప్రక్క, ఆరుబయట, ఒక ఆర్గన్ వాద్యము. తమకు వాద్యమున్నదని తూర్పున నున్న బంధుమిత్రులకు చూపవలెనని ఆ యిల్లాలి కోరిక. కాని యిల్లు చిత్రమున పడగూడదు. అందుచే అంత బరువైన వాద్యమును దొడ్డిలోనికి లాగించి చిత్రము తీయించుకొనినది. పదునైదేండ్ల తరువాత పత్రికలలో శోభించిన పొట్టిదనము ఆ యింటను గలదు. నేలనుండి పుట్టిన గుణము అంతకంటెను గలదు. ఆమె దానికి సిగ్గుపడెను. మా విద్యార్థి ప్రశ్నకును ఆమె సిగ్గునకును చుట్టఱికమున్నది.

ఇక మన నేలకు వత్తము. రాయలసీమ మట్టిమిద్దెను మించి వానలేని బయలునకు దగిన యిల్లు లేదు. అనంతపురమున నేటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే గదా. కప్పునకు వాలు పనిలేదు. ఱాతిగోడలకు మట్టి యడుసు; పైన దూలములు, వానిపై దంతెలు, దంతెలపై పుల్లలో బండలో; ఆపైన జానెడు మందమున మన్ను; అన్నిటికి మీద చౌడుమన్ను. చౌడు నేలలో పైరు పండదు, కాని యదే మన్ను తడిసి బిగిసినచో నీటిని క్రిందికి దిగనీయదు. పొలమున శాపమైనది ఇంటికప్పున వరమగుట యీ పనివాండ్ర బుద్ధివలననే. ఏటేట తొలకరికి ముందు ఆ మన్ను మార్చి త్రొక్కవలయును. నడుమ గవాచి, అందుండి వెలుగు దిగును, పొగ యెక్కును. మిద్దెపై పగలు మిరపకాయలెండును, రాత్రి జనులు పండుకొందురు. దూరమునుండి చూచినచో ఊరంతయు నేల కొంచె మెత్తుగా లేచినట్లుండును. నేలగీతను చెడగొట్టకుండుటకై రైటు పడిన శ్రమ యిచ్చట శ్రమలేకయే సిద్ధించినది.

సముద్రతీరపు మైదానమున వేఱొక యుపాయము. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరమునను, కృష్ణాగోదావరుల లంకభూములందును చుట్టిల్లు వ్యాపించినది. గుండ్రని మట్టిగోడ, పైన గొడుగువంటి తాటియాకు కప్పు, చూరు దాదాపు నేలను ముట్టును. తుపానుగాలికి తట్టుకొనుటకు మూల యనునదే లేదు. గాలి చుట్టి పోవును. ఈ రూపమెంత పురాతనమైనదో తెలియగోరువారు ఏలూరు జిల్లాలోని గుంటుపల్లి కరుగవలయును. అచ్చటి కొండలో క్రీస్తునకు పూర్వము రెండు, ఒకటవ శతాబ్దముల నాటి గుండ్రని చైత్యగుహ గలదు. లోపల తల యెత్తి చూచినచో ఱాతికప్పునందు పూరియింటి వాసములు చెక్కబడియున్నవి. ఱాతికి వాసములతో పనిలేదు. అయినను శిల్పి వానిని చెక్కెను. భగవంతుని యిల్లు ఎట్లుండవలెనని తలచినపుడు అతని మనస్సునకు వచ్చినది తన గుడిసెయే. మహాశిల్పమునకు చుట్టిల్లు తల్లి యనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

గుడిసెను పొగడుటలో నొక యపాయమున్నది. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విఱుచుకొనిపడినది. సుమారు 10 వేలమంది మరణించిరి. చుట్టిల్లు గాలికి వంగుట నేర్చినది గాని, నిలువెత్తు నీటికి నేర్వలేదు. ఆ పిమ్మట తీరమున కట్టిన తుపాను ఆశ్రయభవనములు స్తంభములపై ఎత్తుగా లేచినవి. నేలను బట్టి యిల్లు కట్టుట యనిన ఎల్లప్పుడును పొట్టిగ కట్టుట యని యర్థము గాదు. ఒకే మైదానము గాలి వీచినపుడు వంగుమనును, నీరు పొంగినపుడు లెమ్మనును.

సికిందరాబాదు పాతయిండ్ల వంశము మఱియొకటి. 1806లో నిజాము సికందరు జా పేర ఈ దండుబజారు వెలసినది. దొరల దండుతో బంగళా వచ్చినది. బంగళా యనగా బంగాళదేశపు గుడిసె. ఆ గుడిసె కప్పునే వెడల్పుచేసి, చుట్టు వసారా వేసి దొరలు నివాసములుగ జేసికొనిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున అది సముద్రము దాటి ఇంగ్లండు తీరమున వెలసినది; ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అమెరికా మధ్యతరగతికి ప్రియమైన చిన్నయిల్లైనది. బెంగాలు రైతు గుడిసె చికాగో వీధులలో వరుసలు తీరుట చరిత్రలోని చిత్రములలో నొకటి. బేగంపేటలో నట్టి చిన్న భవనముననే 1897 ఆగస్టు 20న రొనాల్డు రాసు దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. గాలికి తెఱచిన యిల్లు దోమకును తెఱచియుండునని ఆ భవనమే లోకమునకు చెప్పినట్లయ్యెను. కిటికీకి సన్నని తీగవల బిగించుట ఆ పాఠమే. మా పద్మారావు నగరపు పాతయింట కూడ వసారాకు తుప్పుపట్టిన తీగవల యుండెడిది.

ప్రెయిరీ శిల్పులలో నొకడు మన దేశమున కే వచ్చి మన మట్టిలో కలిసెను. వాల్టరు బర్లీ గ్రిఫిను మేరియన్ మహోనీ భర్త. 1912లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెఱాకు పటము గీసి బహుమానము గెలిచినవాడు. సిడ్నీ చేరువ కాజిల్‌క్రాగులో ఱాతిగుట్టల నడుమ, చెట్లను కొట్టక, కొండను మించి యిల్లు కనబడగూడదను నియమముతో చిన్న యిండ్లు కట్టెను. బీదలు తామే కూర్చుకొనదగిన కాంక్రీటు పలకలను కనిపెట్టి 1917లో హక్కుపత్రము పొందెను. 1935లో లక్నో విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకై పిలువబడి వచ్చి, పయొనీరు పత్రికా ముద్రణాలయము మొదలైనవానికి పటములు గీసి, 1937 ఫిబ్రవరి 11న లక్నోలోనే కన్నుమూసెను. దక్కనునకు రాలేదు. వచ్చియుండినచో మన గుండ్లను చూచి ఏమి కట్టియుండెడివాడో యని మేమప్పుడప్పుడు ఊహించుచుందుము. ఇప్పుడు హైదరాబాదున ఆ గుండ్లను పేల్చి, చదునుచేసి, ఆపైన మేడ లేపుచున్నారు.

ఇంతకును మా విద్యార్థి ప్రశ్న తీఱలేదు. తెలంగాణపు బయలున నొక యెత్తైన కట్టడము మాత్రము ఊరూర నుండెడిది, అది గడి. దొరల గడి గోడలు కోటగోడలవలె లేచి, నాలుగు క్రోసుల దూరమునకు కనబడుచుండెను. అది అట్లు కనబడుటకే కట్టబడినది. దాని క్రింద గుడిసెలు వంగియుండెను. 1946 జూలై 4న కడవెండిలో విస్నూరు దేశముఖు మనుషుల తుపాకిగుండ్లకు దొడ్డి కొమరయ్య నేలకొఱిగెను. 1951వఱకు సాగిన రైతుపోరాటమున పెక్కు గడీలు పాడుపడినవి. తిరువాన్కూరు సీమలోనైతే పందొమ్మిదవ శతాబ్దమున గూడ తక్కువవని యెన్నబడిన కులములవారు పెంకుటిండ్లు కట్టుకొనరాదను కట్టడి యుండెను. ఓక్ పార్కు ధనికుడు ఎత్తుగా కట్టగలిగియు పొట్టిగా కట్టుట రుచి. ఎత్తుగా కట్టవలదని కట్టడిచేయబడినవాని గుడిసె పొట్టిగా నుండుట రుచి కాదు. రెండు చూరులును నేలకు వంగియే యుండును; ఛాయాచిత్రమున భేదము కానరాదు. మేము ఇంతకాలము తరగతిలో గుడిసె చల్లదనమును, మట్టిగోడ మహిమను పొగడుచు వచ్చితిమి. మా యెదుట కూర్చున్నవారిలో ఎందఱు ఆ చల్లదనమునుండి తప్పించుకొనుటకే పట్టణము వచ్చిరో మేము తలపోయలేదు. ఇది మా తప్పు.

అందుచే బీదవాడు స్లాబుకప్పు కోరినపుడు అతనికి అభిరుచి లేదనువారితో మేము కూడము. పద్మారావు నగరమునకు చేరువనే, భోయిగూడలో, ఐ.డి.హెచ్. కాలనీలో శిథిలమైన యిండ్ల స్థానమున 396 రెండు పడకగదుల యిండ్లు మూడంతస్తులుగా కట్టి 2015 నవంబరు 16న ప్రారంభించిరి. తెలంగాణ ప్రభుత్వ పథకమునకు అవి తొలి మాదిరి. ఆ పథకమున నొక్కొక్క యింటికి 560 చదరపు టడుగుల వైశాల్యము నిర్ణయింపబడినది. 560 అడుగులలో గాలి, వెలుగు, మఱుగు, మర్యాద నాల్గింటిని ఇముడ్చుట రాజభవనమును నిర్మించుటకంటె కష్టమైన శిల్పము. మన శిల్పవిద్యాలయములు తమ యుత్తమ విద్యార్థులను ఈ పనికే పంపవలసియున్నది. పడమటియెండకు చూరు, గోడకు నీడ, పైకప్పునకు వేడి దిగని పొర, వంటపొగకు దారి — ఇవి మిద్దెయు చుట్టిల్లును చెప్పినవే, స్లాబునకును చెప్పవచ్చును. మేము పనిచేసిన యొక పాఠశాలలో పడమటి గోడకు చూరులేని పెద్ద కిటికీలు పెట్టిరి. వేసవిలో రెండుగంటల వేళ పిల్లలందఱు తూర్పుగోడకు జరిగి ఒకరిపై నొకరు కూర్చుండి పాఠము వినెడివారు. గోడలపై సున్నము తెల్లగా మెఱయుచుండెను.

కొన్నాళ్ల క్రిందట ఆ విద్యార్థి యింటికి పోయితిమి. మఱియొక వాడలో చిన్న డాబా. తాము నిరుడు స్లాబు వేసితిమని అతని నాయనమ్మ సంతోషముతో చెప్పినది. పూర్వము తమ గుడిసెలో దూఱుటకు వంగి వంగి నడుము పోయినదనియు, ఇప్పుడు నిలబడి యింటిలోనికి పోవుచున్నామనియు ఆమె గడపయొద్ద నిలిచి చూపినది. లోపల ఉక్క. ఆమె మమ్ము మేడమెట్లపైకి పిలిచినది. కాగిన స్లాబుపై నాలుగు గుంజలు పాతి తాటియాకు పందిరి వేసియున్నారు. దాని క్రింద మంచము, నీళ్లకుండ, పిల్లవాని పుస్తకములు. గాలి చల్లగా వచ్చుచున్నది. పందిరి చూరు చాల క్రిందికి దిగియుండుటచే లోనికి పోవుటకు మేము తల వంచవలసివచ్చెను.